రెండు వరసల పోగులు

బంగారమ్మ పండగ దగ్గర పడేసరికి చిలకమ్మకి కాలు ఒకచోట నిలవడం మానేసింది. వాకిలి ఊడ్చింది, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. నిండుగా ఉన్న బిందె పట్టుకుని కుళాయి దాకా వెళ్ళి, అక్కడివాళ్ళు నవ్వేలోపు సగం నీళ్ళు కరివేపాకు మొక్కకి పారబోసి మళ్ళీ నింపుకొచ్చింది. కడుపుతో ఉన్న కోడలు నాగమణి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ అత్త తిరుగుళ్ళు చూస్తోంది.

"ఏటత్తా, కాలుగాలిన పిల్లినాగ తిరుగుతన్నావు? కూకో ఒకపాలి."

"కూకుంటే ఒళ్ళంతా సీమలు పాకతన్నట్టుందే."

"కూకోడమే గదా నీ పని! పండగనాడు ఎలగ కూకుంటావు మరి?"

కోడలు వేళాకోళానికి అన్నా, అన్నది నిజమే. సీమలవానిపాలెంలో చిలకమ్మకున్న పేరంతా కూర్చోవడం వల్ల వచ్చిందే. అమ్మవారికి మేకపోతును కొట్టాక మాంసాన్ని అడ్డాకుల మీద ఇంటికొక పోగు పెట్టేవారు. తొడ, కార్జం, బోటి, ఎముక, ప్రతి పోగులోనూ అన్నీ కాస్త కాస్త. చిలకమ్మ ఆ పోగులకి వీపు పెట్టి పీట మీద కూర్చునేది. వెనక ఒకరు కర్రతో ఒక పోగును తాకి "ఎవలిదీ పోగు?" అని కేకేసేవారు. చిలకమ్మ వెనక్కి చూడకుండా నోటికొచ్చిన ఇంటిపేరు చెప్పేది. ఆ ఇంటివాళ్ళు వచ్చి ఆ ఆకు ఎత్తుకుపోవడమే. మునసబు మేడకి ఏ పోగు పోతుందో, మేకలు కాసేవాడి గుడిసెకి ఏది పోతుందో పోగులు పెట్టేవాడికి తెలియదు. అందుకని ఎవడి చెయ్యీ ఒక పక్కకి జారేది కాదు. అత్త పోయాక ఆ పీట చిలకమ్మకి వచ్చింది. ఊళ్ళో తక్కిన పెద్దరికాలన్నీ మగవాళ్ళవి. ఇదొక్కటే ఆడదానిది. దాన్ని ఆమె ఏనాడూ తేలిగ్గా తీసుకోలేదు.

ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసమని డెబ్బైల్లో భూములు రాసుకున్నారు. ఎనభైలు వచ్చేసరికి జీడితోటలు, చోడిచేలు, ఇళ్ళు, అన్నీ పెద్ద గోడ లోపలికి పోయాయి. జనం దువ్వాడ పక్కనున్న నిర్వాసితుల కాలనీకి వచ్చిపడ్డారు. అమ్మవారి రాయిని కూడా ఎడ్లబండి మీద తెచ్చి, కాలనీ చివర రేకుల పందిరి కింద నిలబెట్టారు.

పాత ఊరు చల్లనితల్లి అని కొత్తగా పాటందుకున్న వాళ్ళని చిలకమ్మ నోరు తెరవనిచ్చేది కాదు. "సల్లగుండక ఏటవుద్దిరా, పొయ్యెలగకపోతే? మాయిడి టెంకలు దంచి జావ కాసుకున్నోళ్ళం. చోడంబలి ఉన్ననాడే పండగ. ఆ ఊరికి నన్ను మళ్ళీ పొమ్మంటే ఎల్తానేటి?" అనేది. ఇప్పుడు రెండు పూటలా వరన్నం ఉడుకుతోంది. కొడుకు ఎల్లాజీ కాంట్రాక్టరు కింద ఇసక మోస్తాడు. పని ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు లేదు. అయినా ఆ ఇంట్లో పొయ్యి ఆరిన రోజు లేదు. ఆ మాట చిలకమ్మే ఒప్పుకునేది. ఒప్పుకుని, వెంటనే దేనికో దానికి ఎవరినో ఒకరిని తిట్టేది.

ఈసారి తిట్టడానికి మనిషి దొరక్కపోవడమే ఆమె తిరుగుళ్ళకి కారణం.

వారం కిందట జగ్గారావు వచ్చాడు. మరిది కొడుకు. అన్నదమ్ములిద్దరి భూమికీ పట్టా ఒక్కటే ఉండేది. దాని మీద ఫ్యాక్టరీలో ఒక్క ఉద్యోగమే వచ్చింది. పదో తరగతి గట్టెక్కినవాడు జగ్గారావు. ఎల్లాజీ పలకతో గొర్రెల్ని అదిలించిన రకం. ఇక అడిగేదేముంది, ఉద్యోగం జగ్గారావుకి రాశారు. ఇప్పుడతనికి ఉక్కునగరంలో క్వార్టరు, తల్లి సీతాలుకి సీలింగు ఫ్యాను, తనకి స్కూటరు. ఆ స్కూటరు మీదే అరిటిపళ్ళు పట్టుకుని వచ్చి, చెప్పులు బయట విడిచి, నేల మీద చతికిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఈయేడు పోతులు ఐదు! ఉద్యోగాలున్నోళ్ళం కలిసి కొంటన్నాం. కాలనీలో ఎవలూ బియ్యం ఎత్తక్కర్లేదు, ఏటీ ఇవ్వక్కర్లేదు."

"ఎవలూ ఇవ్వక్కర్లేదా?" చిలకమ్మ కనుబొమ్మలు కలిసాయి. ఇంటికో పిడికెడు బియ్యం ఎత్తి, అవి అమ్మిన డబ్బుతో పోతును కొనడం పాత ఊరి పద్ధతి. కరువేడు కూడా ఆ పిడికెడు ఆగలేదు.

"పాపం, ఆళ్ళ దగ్గరేటుంది పెద్దమ్మా? అయితే ఒక్క మాట. పోగులు రెండు వరసలు పెడదాం. పోతులు కొన్నోళ్ళది ఒక వరస, మిగతా ఇళ్ళది ఇంకో వరస. మాది కొంచెం పెద్ద పోగు. కార్జం, తొడ అందులో ఏత్తాం. అలగని రెండో వరస సిన్నదనుకోకు, పాత ఊరి పోగుకి రెండింతలుంటది. ఎవలికీ తగ్గదు, అందరికీ పెరుగుద్ది. నువ్వు ముందు మా పేర్లు పిలు, తరవాత ఈళ్ళవి."

"మరి నా పేరు ఏ వరసలోదిరా?"

"అదేం మాట! నువ్వు మా ఇంటి పెద్దవి. నీ పోగు మా వరసలోనే." లేస్తూ మరో మాట కూడా అన్నాడు. "ఎల్లాజీ గురించి మా కాంట్రాక్టరుతో మాటాడాను. మేస్త్రీ కింద రోజూ పనుండేటట్టు సూత్తానన్నాడు."

అది లంచమైతే చిలకమ్మ ప్రాణం హాయిగా ఉండేది. పళ్ళు వాడి మొహాన కొట్టి, వీధి వినేలా కడిగేసి, రాత్రికి నిద్రపోయేది. కాని కుర్రాడు ప్రేమగానే అన్నాడు. అతని మొహంలో వంకర లేదు. తన చేత ఐదు పోతులు కొనిపించిన అమ్మవారి మీద భక్తే ఉంది. లెక్క కూడా అతను చెప్పినట్టే ఉంది. అందరికీ పెరుగుతుంది. మరి ఒంటి మీద ఈ సీమలు ఎక్కడివి?

"సూద్దాం" అంది. అతను దాన్ని సరే అనుకుని వెళ్ళిపోయాడు.

ఆ "సూద్దాం" వారం రోజులుగా ఆమెని నిలవనివ్వలేదు. చివరికి పండగ ఇంకో రెండు రోజులుందనగా, ఎండ నెత్తికెక్కకముందే కొంగు బిగించి ఉక్కునగరం దారి పట్టింది. గోడ పక్కనే నడక. గోడ అవతల ఎక్కడో తన చోడిచేను ఉండాలి. దాని మీదేదో పొడుగాటి గొట్టం లేచి ఉంది.

సీతాలు ఫ్యాను కింద సగ్గుబియ్యం వడియాలకి పిండి కలుపుతోంది. అక్కలాంటి తోటికోడల్ని, తన అప్పని చూసి పీట వేసింది.

"రాప్పా. నడిసొచ్చావేటి ఇంత ఎండలో? కూకో, సోడా తెప్పిత్తాను."

"సోడాకి రాలేదే. నీ కొడుకు రెండు వరసలంటన్నాడు. నీకు తెలీదేటి?"

"తెలుసు. నానే సెప్పాను."

చిలకమ్మ ఇది ఊహించలేదు. కూర్చోబోయినది నిలబడిపోయింది.

"నువ్వా?"

"నానే. కొన్నోడికి ముక్క ఎక్కువెళ్తే తప్పేటప్పా? ఆడి జీతమే గదా? ఆడు ఉక్కు పొయ్యి కాడ మాడి తెచ్చిందే గదా? మిగతాళ్ళకి తక్కువ పెట్టమన్లేదు. రెండింతలు పెట్టమన్నాను."

"మన అత్త ఎప్పుడైనా రెండు వరసలు పెట్టనిచ్చిందా?"

సీతాలు పిండి కలుపుతున్న చెయ్యి ఆపింది. గొంతు పెంచలేదు.

"పెట్టనివ్వలేదు. అన్నీ సమానమే. సమానంగానే మాడాం. నా పెద్దగుంటకి జొరమొచ్చిన ఏడు గుర్తుందా? పండగ పోగులో రెండెముకలు, ఇంత బోటి. మునసబుకీ అంతే, నాకూ అంతే. నువ్వే పిలిసావు నా పేరు. మునసబు ఆ పోగుని కుక్కలకి ఏసుకున్నాడు, ఆడింట్లో ఏరే కూరుంది. నాను ఆ ఎముకలు కాసి గుంటకి పట్టాను. సమానం పోగు, అప్పా! బతికిందేటి గుంట?"

ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. ఆ పిల్లని పూడ్చిన రోజు సీతాల్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నది చిలకమ్మే.

"నా మనవడికి ఆ బాధ లేదు" అంది సీతాలు. "కడుపు నిండితే సాలు నాకు. పక్కోడి ఆకులో ఎంతుందో నాకెందుకు?"

"పక్కోడి ఆకులో తక్కువుంది గనక నీకక్కర్లేదే. ఎక్కువున్ననాడు అడుగుతాను నిన్ను" అని చిలకమ్మ బయటికి వచ్చేసింది. అన్నాక కూడా అది సరైన జవాబు కాదని దారి పొడుగునా తెలుస్తూనే ఉంది. దువ్వాడ గేటు దగ్గర గూడ్సు బండి అడ్డం వచ్చింది. జనమంతా గొడుగుల కింద, చెట్ల కింద నిలబడ్డారు. ఆమె మాత్రం ఎండలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

పండగనాడు పందిరి ముందు నేలంతా అడ్డాకులు. ముందు వరసలో పోగులు ఎర్రగా, ఎత్తుగా, పైన నల్లటి కార్జం తళతళలాడుతూ ఉన్నాయి. వెనక వరసవీ చిన్నవి కావు. పాత ఊళ్ళో అంత మాంసం ఒకచోట చూసిన కన్ను లేదు. గిన్నెలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు వెనక వరస చూసి "అమ్మోరు సల్లగా సూసింది" అనుకున్నారు. నిజంగానే సంతోషపడ్డారు. ముందు వరస వైపు చూసినవాళ్ళు వెంటనే చూపు తిప్పేసుకున్నారు. తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వస్తున్న చిలకమ్మ ఆ తిప్పుకున్న చూపుల్ని చూసింది.

పీట మీద కూర్చుంది. వీపు తిప్పింది. ఎదురుగా కాలనీ, రేకుల ఇళ్ళు, ఆరేసిన బట్టలు. అప్పటికీ ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. వెనక జగ్గారావు అడుగుల చప్పుడు కుడివైపుకి, ముందు వరస మొదటికి వెళ్ళింది. కర్ర ఆకుని తాకింది.

"ఎవలిదీ పోగు?"

"కాశమ్మది."

కాశమ్మ మొగుడు లేని మనిషి. కొడుకులు లేరు. క్వార్టర్లలో అంట్లు తోముకుని బతుకుతుంది. ముందు వరసకీ ఆమెకీ మధ్య ఎంత దూరముందో అక్కడ అందరికీ తెలుసు. ఒకరిద్దరు నవ్వారు, నోరు జారిందనుకుని.

"పెద్దమ్మా, ఈ వరస కాదు" అన్నాడు జగ్గారావు మెల్లిగా.

"నా ఈపుకి వరసలు కనపడవురా. నువ్వడిగావు, నాను పిలిసాను. కాశమ్మది."

ఇప్పుడెవరూ నవ్వలేదు. "ఇదేం పద్దతి?" అని ఒక ఉద్యోగస్తుడు. "పద్దతి మార్సింది ఆవిడా, మీరా?" అని వెనకనించి ఇంకెవరో. ఎండ పోగుల మీద పడుతోంది. ఈగలు ముసురుతున్నాయి. జగ్గారావు మెడ మీద చెమట కారుతోంది. అతను ఎవరినీ తక్కువ చెయ్యాలనుకోలేదు, ఇంత మాంసం తెచ్చి తిట్లు తినడం ఏమిటో అతనికి బోధపడలేదు. "పోనీ, కాశమ్మ పిన్నే సెప్పనీ" అన్నాడు.

అందరూ కాశమ్మ వైపు తిరిగారు. ఆమె గిన్నెను కడుపుకి అదుముకుంది.

"నాకొద్దు బాబూ. ఎనకాల వరసదే సాలు, అదే సానా వుంది. నన్ను గొడవలో ఎట్టకప్పా సిలకమ్మా. రేపు నాను ఆళ్ళ ఇళ్ళకే గదా ఎల్లాలి పనికి?"

చిలకమ్మ వెనక్కి తిరగకూడదు, పీట మీద ఉన్నంతసేపూ తిరగకూడదు. తిరిగింది. కాశమ్మని చూసింది, రెండు వరసల్నీ చూసింది. ఒక్కసారి చూశాక ఆ పీట మీద కూర్చోవడానికి పనికిరారు. ఆమే లేచింది.

మాంసం ఎండలో ఉంది. సీతాలు జనంలోంచి వచ్చి, చీర సర్దుకుని, ఆ పీట మీద కూర్చుంది. "కానీరా బాబూ, కుళ్ళిపోద్ది" అంది. ఎలుగెత్తి పేర్లు పిలిచింది. ముందు వరస పేర్లు ముందు వరసకి, వెనక వరస పేర్లు వెనక వరసకి. ముందు వరస చివర "సిలకమ్మది" అని కూడా పిలిచింది. గొంతులో వెక్కిరింత లేదు. ఎల్లాజీ తల్లి వైపు చూశాడు, పెళ్ళాం కడుపు గుర్తొచ్చింది, తలొంచుకుని వెళ్ళి ఆకు ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం కాలనీ మీద మసాలా వాసన కమ్ముకుంది. ఏ ఇంట్లోనూ ఏడుపు లేదు, ఏ పిల్లాడూ పక్కింటి గుమ్మంలో చెయ్యి చాపుకుని నిలబడలేదు. అది చిన్న సంగతి కాదని చిలకమ్మకి తెలుసు. నాగమణి కంచంలో అన్నం పెట్టి, పైన కార్జం ముక్కలు వేసింది.

"నాకొద్దు."

"నువ్వు తినకపోతే నానూ తిన్ను. నీ మనవడూ తిన్డు."

చిలకమ్మ తింది. కార్జం వెన్నలా ఉంది. అంత బాగుండడం ఆమెకి ఇంకా ఒళ్ళు మండించింది. చెయ్యి కడుక్కుని వీధి ఆ చివరినించి ఈ చివరికి తిరగడం మొదలుపెట్టింది. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు ఎదురైతే పలకరించారుగాని, పొద్దుటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

తెల్లారి స్కూటరు వచ్చి ఆగింది. జగ్గారావు దిగలేదు. "పెద్దమ్మా, ఎల్లాజీని ఎనిమిదింటికి గేటు కాడికి రమ్మను. కాంట్రాక్టరు సరేనన్నాడు" అని చెప్పి, ఆమె మొహంలోకి చూడలేక వెళ్ళిపోయాడు. నిన్నటి అవమానం మనసులో పెట్టుకోలేదు. పెట్టుకున్నా బాగుండును.

ఎల్లాజీ చొక్కా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఎల్లమంటావా, మానమంటావా అమ్మా?"

"ఎల్లరా. పని పనే, పోగు పోగే. ఆ రెంటినీ ముడేసి నీ పెళ్ళాన్ని పస్తుంచమంటావేటి నన్ను?"

అతను వెళ్ళిన కాసేపటికి కాశమ్మ వచ్చింది. పనికి పోవలసిన వేళ. గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని, కొంగు చివర మెలిపెట్టుకుంటోంది. చిలకమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన వాకిలే ఊడవసాగింది.

"కోపమేటప్పా?"

"నాకెందుకే కోపం? నీ పోగు నువ్వు తిన్నావు."

"తిన్నాను. కడుపు పగిలేటట్టు తిన్నాను. నా పుట్టక్కి అంత కూర తిన్లేదు." కాశమ్మ ఆగింది. "పడుకుంటే నిద్రట్టలేదప్పా. నువ్వు నా పేరు పిలిసినావు గదా, ఆ పోగే కళ్ళల్లో మెదిలింది. సిగ్గేసి సరిగ్గా సూడను కూడా లేదు నాను. మీది ఆ వరసే గదా... అందులో కార్జముందేటి?"

పొయ్యి దగ్గర నాగమణి చెయ్యి ఆగిపోయింది. లేదని ఒక్కమాట అంటే సరిపోయేది. కాశమ్మ నమ్మేది, లేచి పనికి పోయేది.

"ఉంది" అంది చిలకమ్మ. "నాను తిన్నాను. బావుంది."

కాశమ్మ తల ఊపింది. "అదే అడుగుదావని" అంది. కాని లేవలేదు.

చిలకమ్మ చీపురు గోడకి కొట్టి నిలబెట్టింది. లోపలికి వెళ్ళి అటక మీంచి పాత ఊరి బియ్యపుబుట్ట దింపింది. వెదురుది, అడుగున పేడ అలికినది, అత్త చేతిది. దుమ్ము దులిపి, తన డబ్బాలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి అందులో పోసింది. చాలా తక్కువగా కనపడ్డాయి.

"లెగు."

"ఎక్కడికప్పా?"

"వొచ్చే పండక్కి బియ్యమెత్తడానికి."

"ఓలమ్మో! నిన్న గదా పండగయింది? ఏడాది ముందేటి?"

"నెల నెలా ఎత్తితే నువ్వూ ఇవ్వగలవు. పోతు ఒకటే రానీ, బక్కదే రానీ. ఎవలో ఒకలు కొన్నది అవకూడదు. క్వార్టర్లకీ ఎల్దాం. ఆళ్ళకీ పిడికెడే. ఎక్కువేత్తే తీసి ఆళ్ళ సేతిలోనే ఎడతాను."

కాశమ్మ తన చిన్న చేతిని చూసుకుంది. "నా పిడికిలి మరీ సిన్నదప్పా."

"సిన్నదైతే మూసి తే. తెరిసి లెక్కెట్టేవాళ్ళు లేరిక్కడ."

కాశమ్మ నవ్వింది. నవ్వుతూనే లేచింది. "ముందు ఎవలింటికి?"

"సీతాలింటికి. నా పీట మీద కూకుంది గదా! ముందు అదే ఎయ్యాలి."

"ఎయ్యనంటే?"

సీతాలు నోటినించి ఆ చచ్చిపోయిన పిల్ల మాట మళ్ళీ వస్తుందని చిలకమ్మకి తెలుసు. అప్పుడు తను మళ్ళీ నిలబడిపోతుందేమోనని భయం కూడా ఉంది. బుట్ట నడుముకి పెట్టుకుని గోడ పక్క దారిలోకి దిగింది. కాశమ్మ వెనకే పరిగెత్తినట్టు నడుస్తూ "నిదానం అప్పా, నిదానం" అంటూనే ఉంది.